రూట్ల పునఃపంపిణీ: నెట్‌వర్క్ డొమైన్ల మధ్య దారుల మార్పిడి

వేర్వేరు యాజమాన్యాల కింద గానీ, వేర్వేరు రూటింగ్ ప్రోటోకాళ్లతో గానీ నడిచే కంప్యూటర్ నెట్‌వర్క్‌లు తమకు తెలిసిన దారులను సరిహద్దు రౌటర్ల ద్వారా ఒకదానికొకటి తెలియజేసుకోవడాన్ని రూట్ల పునఃపంపిణీ అంటారు. నెట్‌వర్క్ ఇంజనీర్ల వాడుకలో దీని పేరు రూట్ రీడిస్ట్రిబ్యూషన్. ఒక డొమైన్‌లో నేర్చుకున్న దారిని మరో డొమైన్‌కు అర్థమయ్యే రూపంలోకి మార్చి ప్రకటించడమే ఇందులోని పని. ఈ మార్పులో గమ్యం చిరునామా మాత్రమే చెక్కుచెదరకుండా దాటుతుంది. దారి ఎక్కడ పుట్టింది, ఎంత దూరం, ఎవరి మీదుగా వచ్చింది అన్న వివరాలు చాలావరకు సరిహద్దులోనే రాలిపోతాయి. రీడిస్ట్రిబ్యూషన్‌లో ఎదురయ్యే చిక్కులకు మూలం ఈ నష్టమే. నలభై ఏళ్లుగా వాటికి వస్తున్న పరిష్కారాలు కూడా, రాలిన సమాచారాన్ని ఏదో ఒక రూపంలో దారికి తిరిగి తగిలించేవే.

రూటింగ్ డొమైన్

ఒకే ప్రోటోకాల్‌ను, ఒకే విధానాన్ని పాటిస్తూ దారుల సమాచారాన్ని పరస్పరం నమ్మే రౌటర్ల సమూహం రూటింగ్ డొమైన్. ఒక సంస్థ ఆధీనంలో, బయటికి ఒకే విధానంతో కనిపించే నెట్‌వర్క్‌ను స్వయంప్రతిపత్తి వ్యవస్థ, అంటే అటానమస్ సిస్టమ్ అంటారు. దానికి ఒక సంఖ్య కేటాయిస్తారు. బీఎస్‌ఎన్‌ఎల్‌ది 9829, ఎర్నెట్‌ది 2697, జియోది 55836. ఒక అటానమస్ సిస్టమ్ లోపల ఒకటికి మించిన రూటింగ్ డొమైన్లు ఉండవచ్చు. కొత్త శాఖను పాత పరికరాలతోనే కలుపుకున్నప్పుడు, రెండు కంపెనీలు విలీనమైనప్పుడు, ఒక ప్రోటోకాల్ నుంచి మరోదానికి విడతలవారీగా మారుతున్నప్పుడు ఈ పరిస్థితి వస్తుంది.

డొమైన్ లోపల దారులు వెతికేవాటిని అంతర్గత ప్రోటోకాళ్లు అంటారు. వీటిలో రిప్, ఓఎస్‌పీఎఫ్, ఐఎస్-ఐఎస్, ఈఐజీఆర్‌పీ ముఖ్యమైనవి. అటానమస్ సిస్టమ్‌ల మధ్య నేడు వాడుకలో ఉన్నది బీజీపీ ఒక్కటే.

ఒకే మండలం, పలు నెట్‌వర్క్‌లు

డొమైన్లు ఎందుకు వేరుగా ఉంటాయో, అయినా ఎందుకు కలవాలో తెలియడానికి నెల్లూరుకు ఆగ్నేయంగా, బంగాళాఖాతం ఒడ్డున ఉన్న ముత్తుకూరు మండలం తగిన ఉదాహరణ. 2008లో ప్రారంభమైన కృష్ణపట్నం ఓడరేవు ఈ మండలంలోనే ఉంది. 2020లో అది అదానీ సంస్థ చేతికి వచ్చింది. నేలటూరులో 800 మెగావాట్ల యూనిట్లు మూడున్న శ్రీ దామోదరం సంజీవయ్య థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. ముత్తుకూరులోని మత్స్యశాస్త్ర కళాశాల 1991 నుంచి పనిచేస్తోంది. మండల కార్యాలయం, పంచాయతీలు, బ్యాంకులు, రొయ్యల చెరువుల రైతుల చేతుల్లోని మొబైల్ ఫోన్లు వీటికి అదనం.

ఈ సంస్థలు ఏ ఒక్క పైఅధికారి కిందా లేవు. ప్రభుత్వ కార్యాలయాలకు స్వాన్ అనే రాష్ట్రవ్యాప్త నెట్‌వర్క్ ఉంది. రాష్ట్ర రాజధాని నుంచి జిల్లా కేంద్రానికి, అక్కడి నుంచి మండలానికి మెట్లుగా దిగే ఈ పథకానికి కేంద్రం 2005 మార్చిలో అనుమతి ఇచ్చింది. విద్యా, పరిశోధన సంస్థలకు నేషనల్ నాలెడ్జ్ నెట్‌వర్క్ ఉంది. 2010 మార్చిలో 5,990 కోట్ల రూపాయల అంచనాతో ఆమోదం పొందిన ఈ నెట్‌వర్క్‌ను కేంద్ర ప్రభుత్వ సమాచార సాంకేతిక సంస్థ నిక్ అమలు చేసింది. గ్రామ పంచాయతీలకు 2011లో నేషనల్ ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్క్ పేరుతో మొదలైన భారత్‌నెట్ ఉంది. ఇళ్లకు చేరిన ఏపీ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీదుగా సుమారు 24,000 కిలోమీటర్ల తీగ లాగింది. దాన్ని 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. ఫైబర్ తీగలు ఒకే రోడ్డు పక్కన, కొన్నిచోట్ల ఒకే స్తంభం మీద సాగినా, వాటిలో నడిచే నెట్‌వర్క్‌లు ఒకదానికొకటి పరాయివే.

కింది సెక్షన్ల కోసం ఒక నమూనా అనుకుందాం. ఇది పై సంస్థల అసలు నెట్‌వర్క్ కాదు. ఒక రేవు 10.20.0.0/16 చిరునామాలతో ఓఎస్‌పీఎఫ్ నడుపుతుంది. ఒక విద్యుత్ కేంద్రం 10.30.0.0/16తో ఈఐజీఆర్‌పీ నడుపుతుంది. ఒక చిన్న కళాశాల పాత పరికరాల వల్ల 10.40.0.0/16తో రిప్‌లోనే ఉంది. రేవులోని అలల, వాతావరణ వివరాల సర్వర్‌ను కళాశాల విద్యార్థులు చూడాలి. బొగ్గు ఓడ ఎప్పుడు వస్తుందో విద్యుత్ కేంద్రం స్టోర్స్ విభాగానికి తెలియాలి. బాయిలర్‌ను నడిపే కంట్రోల్ కంప్యూటర్లు మాత్రం ఎవరికీ కనిపించకూడదు. ఏది కనిపించాలో ఎంత ముఖ్యమో, ఏది కనిపించకూడదో కూడా అంతే ముఖ్యం.

చరిత్ర

ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన అర్పానెట్ పెరిగి అనేక నెట్‌వర్క్‌ల కలయికగా మారుతున్న రోజుల్లో, అన్ని రౌటర్లూ ఒకే ప్రోటోకాల్ నడపడం ఇక కుదరదని తేలింది. 1982 అక్టోబరులో ఎరిక్ రోజెన్, ఆర్‌ఎఫ్‌సీలు అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రాల వరుసలోని 827లో, ఈజీపీ అనే ప్రోటోకాల్‌ను వివరించాడు. నెట్‌వర్క్‌ను అటానమస్ సిస్టమ్‌లుగా విడదీసి, లోపలి దారుల గొడవ లోపలే ఉంచి, బయటికి అవసరమైనంతే చెప్పాలన్న ఆలోచన అందులో రూపుదిద్దుకుంది. అయితే ఈజీపీ నెట్‌వర్క్‌ను చెట్టులా ఊహించుకుంది. మధ్యలో ఒకే వెన్నెముక ఉండాలి, కొమ్మలు ఒకదానితో ఒకటి కలవకూడదు. వ్యాపార నెట్‌వర్క్‌లు వచ్చాక ఈ ఊహ నిలవలేదు.

1989 జనవరిలో ఆస్టిన్‌లో జరిగిన, ఇంటర్నెట్ ప్రమాణాలు రూపొందించే ఐఈటీఎఫ్ సమావేశంలో కర్క్ లోహీడ్, యాకోవ్ రెఖ్టర్ భోజనాల బల్ల దగ్గర నాప్‌కిన్ల మీద గీసిన చిత్తుప్రతి నుంచి బీజీపీ పుట్టింది. అదే ఏడాది జూన్‌లో అది ఆర్‌ఎఫ్‌సీ 1105గా వచ్చింది. నేడు వాడుతున్న నాలుగో వెర్షన్‌కు ఆధారం 2006 జనవరి నాటి ఆర్‌ఎఫ్‌సీ 4271. లోపలి ప్రోటోకాళ్లలో రిప్ 1988 జూన్‌లో ఆర్‌ఎఫ్‌సీ 1058గా నమోదైంది. ఓఎస్‌పీఎఫ్ తొలి ప్రతి 1989లోను, ఇప్పటి రెండో వెర్షన్ ప్రతి 1998 ఏప్రిల్‌లోను వచ్చాయి. రౌటర్ల తయారీ సంస్థ సిస్కో సొంతమైన ఈఐజీఆర్‌పీ వివరాలు చాలా ఆలస్యంగా, 2016లో, ఆర్‌ఎఫ్‌సీ 7868గా బయటికి వచ్చాయి.

ఇందులో గమనించాల్సినది ఒకటుంది. ప్రతి ప్రోటోకాల్‌కూ ప్రామాణిక పత్రం ఉంది. రెండు ప్రోటోకాళ్ల మధ్య దారులు ఎలా మారాలో చెప్పే సార్వత్రిక ప్రమాణం మాత్రం లేదు. బీజీపీ, ఓఎస్‌పీఎఫ్ కలిసి నడిచే తీరు గురించి 1994 డిసెంబరులో ఆర్‌ఎఫ్‌సీ 1745 లాంటివి వచ్చినా, రీడిస్ట్రిబ్యూషన్ మొత్తంగా రౌటర్ తయారీదారుల సొంత వ్యవహారంగానే మిగిలింది. అందుకే ఒకే అవసరానికి సిస్కోలో ఒక తీరున, జునిపర్‌లో మరో తీరున రాయాల్సి వస్తుంది. చెప్పకుండా వదిలేసినప్పుడు అవి అనుసరించే డిఫాల్ట్‌లు కూడా వేరే.

పనిచేసే తీరు

రెండు డొమైన్లలోనూ కాలుపెట్టిన రౌటర్ రెండు ప్రోటోకాళ్లనూ నడుపుతుంది. ఒక్కో ప్రోటోకాల్ తాను నేర్చుకున్న దారుల్లో ఉత్తమమైనదాన్ని రౌటర్‌లోని ఉమ్మడి రూటింగ్ పట్టికకు అందిస్తుంది. రీడిస్ట్రిబ్యూషన్ ఆ పట్టిక నుంచే మొదలవుతుంది. రిప్ దారులను ఓఎస్‌పీఎఫ్‌లోకి పంపమని చెబితే, రౌటర్ పట్టికలో రిప్ పేరుతో నిలిచిన దారులను మాత్రమే తీసుకుని ఓఎస్‌పీఎఫ్‌లో బయటి దారులుగా ప్రకటిస్తుంది. రిప్‌కు ఒక దారి తెలిసినా, పట్టికలో ఆ చోటును వేరే ప్రోటోకాల్ ఆక్రమిస్తే, ఆ దారి దాటదు. కాన్ఫిగరేషన్ సరిగ్గా ఉన్నా దారి ఎందుకు పోలేదో తెలియక తలపట్టుకునే సందర్భాల్లో చాలాసార్లు కారణం ఇదే.

సిస్కో రౌటర్లలో మరికొన్ని పట్టింపులు ఉన్నాయి. ఒకే రౌటర్‌లో రిప్ నుంచి ఓఎస్‌పీఎఫ్‌కు, ఓఎస్‌పీఎఫ్ నుంచి బీజీపీకి పంపిణీ ఏర్పాటు చేసినంత మాత్రాన రిప్ దారులు బీజీపీకి చేరవు. పట్టికలో వాటి ముద్ర ఇంకా రిప్‌దే కాబట్టి, రిప్ నుంచి బీజీపీకి విడిగా చెప్పాలి. ఓఎస్‌పీఎఫ్ దారులను బీజీపీలోకి తెచ్చేటప్పుడు, విడిగా చెప్పకపోతే ఓఎస్‌పీఎఫ్ సొంత దారులే వస్తాయి, బయటినుంచి అందులోకి వచ్చినవి ఆగిపోతాయి. అదే విధంగా ఒకే అటానమస్ సిస్టమ్ లోపలి బీజీపీ పొరుగు చెప్పిన దారులు అంతర్గత ప్రోటోకాల్‌లోకి వాటంతటవి వెళ్లవు. ఈ అడ్డుగోడలను పూర్వానుభవం మీద కట్టారు. తెలియక దాటించడం కన్నా, తెలిసి గేటు తెరవడం మేలని వీటి ఉద్దేశం.

ఐపీవీ4, ఐపీవీ6 దారులకు పునఃపంపిణీ విడివిడిగా జరగాలి. ఒకదానికి రాసిన ఫిల్టరు రెండోదానికి కాపలా కాయదు.

మెట్రిక్: పోల్చలేని కొలతలు

దారి మంచిచెడ్డలు తూచే సంఖ్యను మెట్రిక్ అంటారు. రిప్‌కు మెట్రిక్ అంటే మధ్యలో ఉన్న రౌటర్ల లెక్క. 15 దాకా చెల్లుతుంది, 16 అంటే చేరలేమని అర్థం. ఓఎస్‌పీఎఫ్‌కు అది లింకుల వేగాన్ని బట్టి కూడే ఖర్చు. ఈఐజీఆర్‌పీ బ్యాండ్‌విడ్త్, ఆలస్యం లాంటి అంశాలతో పెద్ద సంఖ్యను లెక్కగడుతుంది. నెల్లూరులో 72 చదరపు అడుగులైన అంకణం తిరుపతిలో 36 అవుతుంది. ఏ ఊరి అంకణమో చెప్పకుండా స్థలం బేరమాడితే ఏమవుతుందో, ఒక ప్రోటోకాల్ మెట్రిక్‌ను మరోదానిలోకి ఉన్నదున్నట్టు దించితే అదే అవుతుంది.

అందువల్ల సరిహద్దు రౌటర్ పాత సంఖ్యను వదిలేసి కొత్త సంఖ్యతో లెక్క మొదలుపెడుతుంది. దీన్ని సీడ్ మెట్రిక్ అంటారు. సిస్కోలో ఓఎస్‌పీఎఫ్ బయటినుంచి వచ్చే దారులకు 20, బీజీపీ నుంచి వచ్చేవాటికి 1 ఇస్తుంది. ఈఐజీఆర్‌పీకి అలాంటి డిఫాల్ట్ లేదు. విలువలు రాసి ఇవ్వకపోతే ఇతర ప్రోటోకాళ్ల దారులను అనంత దూరంగా భావించి ప్రకటించదు. నమూనాలో రేవు దారులు విద్యుత్ కేంద్రానికి వెళ్లడం లేదని ఫిర్యాదు వస్తే, ముందుగా చూడాల్సింది ఇక్కడే.

ఓఎస్‌పీఎఫ్‌లో బయటి దారులు రెండు రకాలు. ఈ2 రకం దారి డొమైన్‌లో ఎంత లోపలికి వెళ్లినా అదే సంఖ్యను చూపిస్తుంది. ఈ1 రకానికి లోపలి లింకుల ఖర్చు కూడా కలుస్తూ పోతుంది. బయటికి ఒకే ద్వారం ఉంటే ఈ2 చాలు. రెండు ద్వారాలుంటే దగ్గరి ద్వారాన్ని ఎంచుకోవడానికి ఈ1 సాయపడుతుంది. ఏ రకమైనా, సరిహద్దుకు అవతల ఎంత దూరం ఉందో నిజంగా చెప్పే కొలత మాత్రం మిగలదు.

ఎవరి మాట నమ్మాలి

ఒకే గమ్యానికి రెండు ప్రోటోకాళ్లు వేర్వేరు దారులు చెబితే మెట్రిక్‌లను పోల్చలేం. అందుకే ప్రోటోకాళ్లకే ఒక నమ్మకపు వరుస పెట్టారు. సిస్కోలో దీన్ని అడ్మినిస్ట్రేటివ్ డిస్టెన్స్ అంటారు. సంఖ్య ఎంత తక్కువైతే నమ్మకం అంత ఎక్కువ. నేరుగా తగులుకున్న నెట్‌వర్క్‌కు 0, చేత్తో రాసిన దారికి 1, బయటి బీజీపీకి 20, ఈఐజీఆర్‌పీ సొంత దారులకు 90, ఓఎస్‌పీఎఫ్‌కు 110, ఐఎస్-ఐఎస్‌కు 115, రిప్‌కు 120, ఈఐజీఆర్‌పీ బయటి దారులకు 170, లోపలి బీజీపీకి 200. జునిపర్ లెక్క వేరు. అక్కడ ఓఎస్‌పీఎఫ్ లోపలి దారులకు 10, బయటివాటికి 150, బీజీపీకి 170.

ఈఐజీఆర్‌పీకి 90, 170 అని రెండు విలువలు ఉండటం, జునిపర్‌లో ఓఎస్‌పీఎఫ్‌కు 10, 150 ఉండటం కాకతాళీయం కాదు. సొంతంగా పుట్టిన దారికి, ఎవరో తెచ్చి ఇచ్చిన దారికి ఒకే నమ్మకం ఇవ్వకూడదన్న జాగ్రత్త అందులో ఉంది. సిస్కో ఓఎస్‌పీఎఫ్‌లో డిఫాల్ట్‌గా ఆ తేడా లేదు. కింద చెప్పే చిక్కు అక్కడే పుడుతుంది.

పరస్పర పంపిణీ, లూపులు

రెండు డొమైన్ల మధ్య ఒకే సరిహద్దు రౌటర్ ఉంటే పునఃపంపిణీ సాధారణంగా సాఫీగా సాగుతుంది. అది చెడిపోతే సంబంధం తెగుతుంది కాబట్టి సంస్థలు రెండోది పెడతాయి. ప్రమాదం రెండో రౌటర్‌తో మొదలవుతుంది.

నమూనాలో కళాశాలకు, రేవుకు మధ్య తూర్పు, పడమర అని రెండు రౌటర్లు ఉన్నాయనుకుందాం. రెండూ రిప్ నుంచి ఓఎస్‌పీఎఫ్‌కు, ఓఎస్‌పీఎఫ్ నుంచి రిప్‌కు దారులు మారుస్తున్నాయి. కళాశాల ప్రయోగశాల 10.40.8.0/24 దారిని తూర్పు రౌటర్ ముందుగా రిప్‌లో విని ఓఎస్‌పీఎఫ్‌లో ప్రకటించింది. పడమర రౌటర్‌కు ఇప్పుడు రెండు కబుర్లు అందుతాయి. కళాశాల నుంచి నేరుగా వచ్చిన రిప్ కబురు నమ్మకపు సంఖ్య 120. తూర్పు నుంచి రేవు మీదుగా తిరిగి వచ్చిన ఓఎస్‌పీఎఫ్ కబురు నమ్మకపు సంఖ్య 110. పడమర రౌటర్ 110ని ఎంచుకుంటుంది. పక్కనే ఉన్న కళాశాలకు పోవాల్సిన ప్యాకెట్‌ను రేవు చుట్టూ తిప్పి తూర్పుకు పంపుతుంది.

అక్కడితో ఆగితే ఆలస్యమే నష్టం. అయితే పడమర పట్టికలో ఆ దారి ఇప్పుడు ఓఎస్‌పీఎఫ్‌ది. ఓఎస్‌పీఎఫ్ దారులను రిప్‌లోకి పంపాలన్న ఆదేశం ఉంది కాబట్టి, కళాశాల దారిని కళాశాలకే, సీడ్ మెట్రిక్ 1తో, కొత్త దారిలా ప్రకటిస్తుంది. అసలు ప్రయోగశాల 5 రౌటర్ల దూరంలో ఉందని తెలిసిన కళాశాల రౌటర్లు, పడమర వైపు 2తోనే చేరవచ్చని విని అటు తిరుగుతాయి. తూర్పు రౌటర్ కూడా అదే కబురు రిప్‌లో వింటే, ప్యాకెట్ తూర్పు నుంచి కళాశాల లోపలికి, అక్కడి నుంచి పడమరకు, రేవు మీదుగా మళ్లీ తూర్పుకు తిరుగుతుంది. ప్రయోగశాల లింకు తెగిపోయినా ఆ దారి చావదు. తూర్పు పడమర నుంచి, పడమర తూర్పు నుంచి వింటూ లేని దారిని బతికిస్తూనే ఉంటాయి.

కొన్ని సందర్భాల్లో ఈ లూపు స్థిరంగా కూడా ఉండదు. దారి వస్తుంది, పోతుంది, మళ్లీ వస్తుంది. ఏ రౌటర్ ముందు మొదలైంది, ఏ కబురు ముందు చేరింది అన్నదాన్ని బట్టి ఒకే కాన్ఫిగరేషన్ ఒకరోజు బాగా పనిచేసి, కరెంటు పోయి వచ్చాక తప్పుగా పనిచేయగలదు. ప్రయోగశాలలో పరీక్షించి సరే అనుకున్న ఏర్పాటు క్షేత్రంలో తిరగబడటానికి ఇదొక కారణం.

అదుపు పద్ధతులు

ట్యాగులు. సరిహద్దు దాటించేటప్పుడే దారికి ఒక సంఖ్యను తగిలిస్తారు. ఓఎస్‌పీఎఫ్ బయటి దారుల్లో ఇందుకు 32 బిట్ల స్థానం ఉంది. కళాశాల నుంచి వచ్చిన ప్రతి దారికీ 40 అని ట్యాగు వేసి, 40 ఉన్నదేదీ తిరిగి కళాశాలలోకి వెళ్లకూడదని రెండు రౌటర్లలోనూ నియమం పెడితే పై లూపు పుట్టదు. పుట్టుక వివరాన్ని దారితో పాటు మోయించే పద్ధతుల్లో ఇది సులువైనది, నమ్మదగినది. రిప్ మొదటి వెర్షన్‌లో ట్యాగుకు చోటు లేదు, రెండో వెర్షన్‌లో వచ్చింది.

ప్రిఫిక్స్ ఫిల్టర్లు. ఏయే చిరునామా శ్రేణులు, అంటే ప్రిఫిక్స్‌లు, దాటవచ్చో పేరుపేరునా జాబితా రాస్తారు. జాబితాలో లేనివి ఆగిపోతాయి. విద్యుత్ కేంద్రం కంట్రోల్ విభాగపు చిరునామాలను బయటికి రానీయకుండా చేసేది ఇదే. 2021 అక్టోబరులో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ విడుదల చేసిన సైబర్ భద్రతా మార్గదర్శకాలు విద్యుత్ నియంత్రణ వ్యవస్థలను ఇంటర్నెట్‌కు దూరంగా ఉంచాలన్నాయి. అయితే దారి ప్రకటించకపోవడం తాళం వేయడంతో సమానం కాదు. ఫైర్‌వాల్ అవసరం అలాగే ఉంటుంది.

నమ్మకపు సంఖ్య మార్పు. పడమర రౌటర్‌లో బయటినుంచి వచ్చే ఓఎస్‌పీఎఫ్ దారుల విలువను 110 నుంచి 120కి పైన ఉంచితే, అది రిప్ కబురునే నమ్ముతుంది. పని జరుగుతుంది గానీ, ఈ మార్పు ఒక్కో రౌటర్‌లో విడిగా చేయాలి. ఒకచోట మరిచిపోతే మరో కొత్త చిక్కు.

ఒకవైపు పంపిణీ, డిఫాల్ట్ రూట్. చిన్న డొమైన్‌కు పెద్ద డొమైన్ దారులన్నీ తెలియాల్సిన పనిలేదు. కళాశాల దారులను మాత్రం రేవుకు చెప్పి, కళాశాలకు ‘తెలియనివన్నీ ఇటు పంపు’ అనే ఒక్క డిఫాల్ట్ దారి ఇస్తే చాలు. దారులు ఒకవైపే దాటుతాయి కాబట్టి వెనక్కి తిరిగి రావడమన్నదే ఉండదు. అవకాశం ఉన్నచోట అనుభవజ్ఞులు ముందుగా ఎంచుకునేది ఈ పద్ధతినే.

సంక్షిప్తీకరణ. వందల చిన్న దారుల బదులు 10.40.0.0/16 అని ఒక్కటే ప్రకటిస్తారు. లోపల ఒక లింకు పడిలేచినా బయటివారికి అలజడి తెలియదు. సంక్షిప్తం చేసే రౌటర్‌లోనే, లోపల లేని చిరునామాలకు వచ్చే ప్యాకెట్లను పారేసే దారి కూడా ఉండాలి. లేకపోతే అవి డిఫాల్ట్ దారిలో బయటికి పోయి తిరిగి వస్తూ ఉంటాయి.

సేవా సంస్థ మీదుగా

నేడు చాలా సంస్థలు తమ శాఖలను సొంత తీగలతో కలపవు. టెలికాం కంపెనీల ఉమ్మడి నెట్‌వర్క్ మీద ఖాతాదారుకు విడిగా నడిచే ఎంపీఎల్‌ఎస్ వీపీఎన్‌ల మీద కలుపుతాయి. 2006 ఫిబ్రవరిలో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 4364 ప్రకారం సేవా సంస్థ రౌటర్ ప్రతి ఖాతాదారుకు విడి రూటింగ్ పట్టిక పెడుతుంది. దీన్ని వీఆర్‌ఎఫ్ అంటారు. ఇద్దరు ఖాతాదారులు ఒకే 10.20.0.0/16ను వాడుకున్నా అవి కలగలవవు. ఏ పట్టికలోకి ఏ దారులు రావాలో రూట్ టార్గెట్ అనే ముద్రలు నిర్ణయిస్తాయి. రెండు వీఆర్‌ఎఫ్‌ల మధ్య కొన్ని దారులను కావాలని పంచుకోవడాన్ని రూట్ లీకింగ్ అంటారు. ఇంటర్నెట్ ప్రమాదాల్లో చెప్పే రూట్ లీక్ వేరు. ఇక్కడిది ఉద్దేశపూర్వకమైన ఏర్పాటు.

ఖాతాదారు శాఖల్లో ఓఎస్‌పీఎఫ్ ఉంటే అది సేవా సంస్థ దగ్గర బీజీపీలోకి మారి, అవతలి శాఖలో మళ్లీ ఓఎస్‌పీఎఫ్ కావాలి. మామూలు పునఃపంపిణీ చేస్తే శాఖల దారులన్నీ బయటి దారుల్లా కనిపిస్తాయి. 2006 జూన్‌లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 4577 ఓఎస్‌పీఎఫ్ వివరాలను బీజీపీలోనే మోసుకెళ్లి అవతల తిరిగి నిలబెట్టే మార్గం చూపింది. ఒకసారి కిందికి దిగిన దారి మళ్లీ పైకెక్కకుండా డీఎన్ బిట్ అనే గుర్తు పెట్టింది. రాలిపోయే సమాచారాన్ని ప్రమాణ స్థాయిలో కాపాడిన అరుదైన ఉదాహరణల్లో ఇదొకటి.

సంస్థల మధ్య: బీజీపీ, నిక్సీ

యాజమాన్యాలు వేరైనప్పుడు దూరం కన్నా విధానం ముఖ్యమవుతుంది. బీజీపీలో ప్రతి దారి తాను దాటి వచ్చిన అటానమస్ సిస్టమ్‌ల వరుసను వెంట తెస్తుంది. తన సంఖ్య ఆ వరుసలో కనిపిస్తే రౌటర్ ఆ దారిని తోసిపుచ్చుతుంది. అంతర్గత ప్రోటోకాళ్ల మధ్య పోయే పుట్టుపూర్వోత్తరాలు ఇక్కడ ప్రోటోకాల్‌లోనే భద్రంగా ఉంటాయి. అందుకే పెద్ద సంస్థలు తమ లోపలి డొమైన్ల మధ్య కూడా నేరుగా పునఃపంపిణీ చేయక బీజీపీని నిలబెడతాయి.

భారతదేశంలో ప్రజలకు ఇంటర్నెట్‌ను 1995 ఆగస్టు 15న అప్పటి ప్రభుత్వ రంగ సంస్థ వీఎస్‌ఎన్‌ఎల్ అందించింది. 1998 నాటి విధానం ప్రైవేటు సంస్థలకు తలుపులు తెరిచాక దేశంలో అటానమస్ సిస్టమ్‌లు పెరిగాయి. అయితే ఇద్దరు భారతీయ ఖాతాదారుల మధ్య ప్యాకెట్లు తరచుగా విదేశాలకు పోయి వచ్చేవి. దీనికి విరుగుడుగా 2003 జూన్‌లో, దేశంలోని సంస్థలు దారులను, ప్యాకెట్లను దేశంలోనే ఇచ్చిపుచ్చుకునే కేంద్రాలను నడిపే నిక్సీ ఏర్పడింది. నోయిడా, ముంబయి, చెన్నై, కోల్‌కతాలతో మొదలై హైదరాబాద్ వంటి చోట్లకూ విస్తరించింది. నిక్సీ విధానంలో పునఃపంపిణీ కోణంలో చూడదగ్గ నియమం ఒకటుంది. ఒక కేంద్రంలో చేరిన సంస్థ ఆ ప్రాంతానికి చెందిన తన దారులన్నిటినీ అక్కడ ప్రకటించాలి. ఏ దారులు చెప్పాలన్నది అక్కడ కేవలం ఇంజనీరు ఇష్టం కాదు, సభ్యత్వ షరతు. 2012 నుంచి నిక్సీలోని ఐఆర్‌ఐఎన్‌ఎన్ విభాగం భారతీయ సంస్థలకు ఐపీ చిరునామాలు, అటానమస్ సిస్టమ్ సంఖ్యలు కేటాయిస్తోంది.

ముత్తుకూరులో ఒక ఫోన్ నుంచి పక్క వీధిలోని మరో సంస్థ సర్వర్‌కు వెళ్లే ప్యాకెట్, ఇద్దరి సేవా సంస్థలు దారులు ఎక్కడ పంచుకుంటే అక్కడిదాకా పోవాల్సిందే. అది చెన్నై కావచ్చు, హైదరాబాద్ కావచ్చు. మైళ్ల దూరాన్ని నిర్ణయించేది భూగోళం కాదు, పంపిణీ ఒప్పందం.

గతి తప్పిన సందర్భాలు

1997 ఏప్రిల్ 25న అమెరికాలో ఏఎస్ (అటానమస్ సిస్టమ్) 7007 సంఖ్య గల నెట్‌వర్క్ ఇంటర్నెట్‌లోని దారులను చిన్నచిన్న /24 ముక్కలుగా, తానే వాటి యజమాని అన్నట్టు ప్రకటించింది. బీజీపీ దారులు లోపలి ప్రోటోకాల్‌లోకి వెళ్లి తిరిగి బీజీపీలోకి వస్తే సరిగ్గా ఇలాంటి ఫలితమే వస్తుంది. దాటి వచ్చిన అటానమస్ సిస్టమ్‌ల వరుస మొత్తం తుడిచిపెట్టుకుపోయి, కొత్తగా పుట్టిన దారిలా కనిపిస్తుంది. చిన్న ముక్కకు పెద్దదానికన్నా ప్రాధాన్యం ఉండటంతో ప్రపంచ ట్రాఫిక్ అటు మళ్లింది. రౌటర్‌ను ఊడదీశాక కూడా ఆ దారులు కొంతసేపు ఇతరుల పట్టికల్లో తిరుగుతూనే ఉన్నాయి. పునఃపంపిణీ పాఠాల్లో ఇప్పటికీ ముందుగా చెప్పే ఉదంతం ఇది.

2008 ఫిబ్రవరి 24న పాకిస్తాన్ టెలికాం దేశంలో యూట్యూబ్‌ను ఆపడానికి లోపల పెట్టిన దారి బయటికి పొక్కి, ప్రపంచమంతటా ఆ సైటుకు అంతరాయం కలిగింది. భారత్‌లో 2015 నవంబరు 6న ఏఎస్ 9498 నుంచి దాదాపు 16,000 పరాయి ప్రిఫిక్స్‌లు వెలువడ్డాయి. 2021 ఏప్రిల్ 16న ఏఎస్ 55410 నుంచి 30,000కు పైగా వెలువడ్డాయి. కారణాలు వేర్వేరు కావచ్చు గానీ అన్నిటి గుణం ఒకటే. లోపలి కోసం ఉద్దేశించినవి, లేదా తనవి కానివి, సరిహద్దులో ఎవరూ ఆపకుండా బయటికి పోయాయి.

వ్యతిరేక దిశలో కూడా ప్రమాదం ఉంది. బీజీపీ పట్టిక మొత్తాన్ని ఓఎస్‌పీఎఫ్‌లోకి పోస్తే లోపలి రౌటర్లు మోయలేవు. 2014 ఆగస్టు 12న ప్రపంచ ఐపీవీ4 పట్టిక 5,12,000 దారులు దాటినప్పుడు, ఆ హద్దుతో తయారైన పాత బీజీపీ రౌటర్లే తడబడ్డాయి.

ఇలాంటి ప్రమాదాలకు ఐఈటీఎఫ్ 2016 జూన్‌లో ఆర్‌ఎఫ్‌సీ 7908లో వర్గీకరణ ఇచ్చింది. ఆర్‌పీకేఐ వ్యవస్థ ఒక ప్రిఫిక్స్‌ను ప్రకటించే హక్కు ఎవరిదో సంతకంతో ధ్రువీకరిస్తుంది. అది పుట్టుకను సరిచూస్తుంది గానీ, అసలు యజమాని దారే తప్పు పొరుగు మీదుగా పాకితే పట్టుకోలేదు. ఆ లోటు కోసం 2022 మేలో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 9234, ఎదుటి సంస్థ ఖాతాదారా, సరఫరాదారా, సమానమైన పొరుగా అన్న పాత్రను బీజీపీ సంభాషణలోనే తేల్చి, దారి మీద గుర్తు పెడుతుంది.

పరిశోధన

చాలాకాలం పునఃపంపిణీని పాఠ్యపుస్తకాలు చిన్న విషయంగా చూశాయి. 2004లో డేవిడ్ మాల్ట్జ్ బృందం 31 నెట్‌వర్క్‌ల కాన్ఫిగరేషన్ ఫైళ్లను పరిశీలించింది. అసలు నెట్‌వర్క్‌లు పుస్తకాల్లోని చక్కని రెండంచెల చిత్రంలా లేవని, అనేక ప్రోటోకాల్ ఖండాలను పునఃపంపిణీ నియమాలతో అతికించుకుంటున్నాయని చూపింది. తర్వాత ఫ్రాంక్ లే, జెఫ్రీ షీ, హుయ్ ఝాంగ్ 2007, 2008లలో వెలువరించిన పత్రాల్లో పునఃపంపిణీకి గణిత నమూనా కట్టారు. లూపులు, అస్థిరత ఏ పరిస్థితుల్లో వస్తాయో నిర్ధారించారు. ఇష్టమొచ్చిన పునఃపంపిణీ ఏర్పాటు సురక్షితమో కాదో తేల్చడం గణన పరంగా కఠిన సమస్య అని నిరూపించారు. కంటితో చూసి సరే అనడం చాలదన్న అనుభవానికి ఇది శాస్త్రీయ ఆధారం.

ప్రస్తుత ఆచరణ

కొత్తగా కట్టే నెట్‌వర్క్‌లలో అంతర్గత ప్రోటోకాల్‌ను రౌటర్ల సొంత లింకులకే పరిమితం చేసి, ఖాతాదారుల, సంస్థల దారులన్నీ బీజీపీలోనే మోయడం సాధారణమైంది. దీంతో పునఃపంపిణీ జరిగే చోట్లు తగ్గుతాయి. కాన్ఫిగరేషన్‌ను రౌటర్‌లో పెట్టకముందే లూపులను వెతికే సాఫ్ట్‌వేర్ పరిశీలన కూడా పెద్ద సంస్థల్లో అలవాటవుతోంది. అయినా విలీనాలు, పాత పరికరాలు, కొత్త పారిశ్రామిక ప్రాంతాలు ఉన్నంతకాలం పునఃపంపిణీ ఉంటుంది. చెన్నై–బెంగళూరు కారిడార్‌లో భాగంగా 2025 జనవరి 8న శంకుస్థాపన జరిగిన కృష్ణపట్నం పారిశ్రామిక ప్రాంతం లాంటిచోట రేపు చేరే ప్రతి సంస్థ తన నెట్‌వర్క్‌తోనే వస్తుంది.

ఆ సరిహద్దుల్లో పాటించాల్సిన నియమాలు కొన్నే. సాధ్యమైతే ఒకవైపే పంపాలి. రెండువైపులా తప్పదంటే, దాటించే ప్రతి దారికీ పుట్టుక ట్యాగు వేయాలి. అనుమతించినవి తప్ప అన్నిటినీ ఆపే జాబితా ఉండాలి. ఎన్ని దారులు రావచ్చో గరిష్ఠ పరిమితి పెట్టాలి. ఏ దారి ఎవరి కోరికపై, ఎందుకు దాటుతోందో కాన్ఫిగరేషన్ పక్కనే రాసి ఉంచాలి. మొదటి నాలుగు రౌటర్ల కోసం. చివరిది, ఆ రాసిన ఇంజనీరు బదిలీ అయ్యాక ఆ కుర్చీలోకి వచ్చే మనిషి కోసం.